ఏథెన్సు గుడ్లగూబ, ఆదోని గాడిద

ఈరోజు ఎనిమిదో తరగతిలో ఒక పిల్లను నవ్వులపాలు చేశాను. ముందు నవ్వింది నేనే.

ఆదోనిలో సాంఘికశాస్త్రం చెబుతాను. పాత గ్రీకు నాణేలంటే నాకు ఇష్టం. అక్కడ ఒక్కో ఊరు తన నాణెం మీద తనదైన జంతువును ముద్రించుకునేది. ఏథెన్సుది గుడ్లగూబ, ఎజీనాది తాబేలు, ఎఫెసస్‌ది తేనెటీగ. నిన్న గుడ్లగూబ అనగానే పిల్లలు అపశకునమన్నారు. మనకు అపశకునమైతే వాళ్లకేం, అది వాళ్ల ఊరి గౌరవం అని గట్టిగా చెప్పాను. మన ఊరికి నాణెం ఉంటే ఏ జంతువు ఉండాలో అట్ట మీద గీసుకు రమ్మన్నాను. బాగున్నవాటిని రేపు ఎమ్మిగనూరులో బడుల ప్రదర్శనకు తీసుకుపోవాలి.

సింహాలు వచ్చాయి, నెమళ్లు వచ్చాయి. కొండవాలు వీధిలో ఉండే ఆ పిల్ల మాత్రం ఇసుక సంచులు మోస్తున్న గాడిదను గీసింది. "ఊరి గౌరవం బాగా నిలబెట్టినావు తల్లీ" అని నవ్వాను. తరగతంతా నవ్వింది. అట్టను కట్టలోంచి తీసి పక్కన పడేశాను.

ఆ పిల్ల కూర్చోలేదు.

"మా వీధిలోకి లారీ రాదు సార్. ఆడ ఇండ్లన్నీ మా నాయన గాడిదలు మోసిన ఇసుకతోనే లేసినాయి. సింహం ఏం మోసింది?"

కూర్చోమని గద్దించాను. అది ఇంకో తప్పు.

మధ్యాహ్నం పుస్తకాలు తిరగేస్తే మెండె అనే గ్రీకు పట్టణం కనబడింది. దాని నాణెం మీద గాడిద ఉంది, గాడిద వీపున కాకి. ఇన్నాళ్లూ పాఠం చెబుతూ నాకది తెలియదు. కానీ అది దొరక్కపోయినా ఆ పిల్ల మాటకు తరుగేమీ లేదు. గ్రీకువాళ్లు ఒప్పుకున్నాకే మన గాడిదకు విలువ వస్తుందంటే, నిన్నటి పాఠం నాకే ఎక్కనట్టు.

అట్ట తీసుకుని ప్రధానోపాధ్యాయుని గదికి పోయాను.

"గాడిదను పట్టుకొని ఎమ్మిగనూరు పోతావా అప్పా? బడిని చూసి నవ్వుతారు" అన్నాడాయన.

"నవ్వనీ సార్. పొద్దున నేనూ నవ్వినా. ఈ అట్ట పోకుంటే నేనూ పోను."

ఆయన సణిగాడు గానీ వద్దనలేదు. చివరి పీరియడ్‌లో తరగతికి పోయి, అందరి ముందూ తప్పు నాదని ఆ పిల్లతో చెప్పాను. రేపు నాతో వచ్చి ఆ బొమ్మ గురించి తనే చెప్పాలని అడిగాను. నాయన ఒప్పుకోవాలంది.

సాయంత్రం కొండ ఎక్కి వాళ్లింటికి పోయాను. నేను అన్న మాట దాచకుండా ఆయనకు చెప్పాను. పిల్లను పంపుతానన్నాడు, నన్ను కూర్చోమనకుండానే గాడిదలకు మేత వేయడానికి పోయాడు. ఇంటికొచ్చి ఆ అట్టకు చట్రం బిగించాను.