సెలవు తీసుకోని చెయ్యి

నా చిన్నప్పుడు, మావాళ్లు బతుకుతెరువుకొచ్చిన హిందీ ఊరు సిద్ధగోరాలో, మా ఇంట్లో ఏ వస్తువు కొనాలన్నా నెలల తరబడి మాటలే నడిచేవి. ఈ వారమంతా అదే గుర్తొస్తోంది. పక్కనున్న గమ్హరియాలోని చిన్న వర్క్‌షాపులకి యంత్రభాగాల డ్రాయింగులు గీసిచ్చే నా కంప్యూటర్ ముసలిదైపోయింది. నాలుగు గీతలు గీస్తే గుడ్లు తేలేస్తుంది. కొత్తది కొందామంటే అడిగినప్పుడల్లా ధర పెరుగుతోంది. మెమరీ చిప్పులకి కరువట! "రుకో నా తాతా, దామ్ గిరేగా," అని, ధర తగ్గేదాకా ఆగమంటుంది మనవరాలు. ఇంకా పెరుగుతుందంటాడు దుకాణం వాడు. ఒక్క డ్రాయింగు ఆలస్యమైనా పని వేరేవాళ్లకి పోతుంది. ఈ వయసులో మళ్లీ నాకెవరిస్తారు? కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను.

మా మేనత్తకీ అప్పట్లో ఇదే అవస్థ. మాతోనే ఉంటూ, జాకెట్లు కుట్టి కూతుర్ని చదివించుకునేది. ఆవిడ కుట్టుమిషన్ నాలుగు కుట్లు పడగానే బిగుసుకుపోయేది. కుడిచేత్తో చక్రాన్ని తోస్తేగాని కదిలేది కాదు. రైల్వే లోకోషెడ్‌లో ఫిట్టరుగా చేసి రిటైరైన మా తాతయ్య దాన్ని విప్పి, కిరసనాయిలుతో కడిగి, నూనె పోసి, చేతనైనంతా చేశాడు. అరిగిపోయినదాన్ని ఎవరు మాత్రం ఏం చేస్తారు! కొత్తదాని రేటు చూస్తే పైపైకి పోతోంది. పండగయ్యాక తగ్గుతుందని అత్త ఒకరోజు అనేది, ఇప్పుడే తెచ్చేద్దామని మర్నాడు అనేది. పొయ్యి మీద కూర మాడుతున్నా ఆ ధ్యాసే.

అంతలో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు మా ఊళ్లో యంత్రమన్నదానికల్లా పూజే, పని ఉండదు. మిషన్‌కి బొట్టు పెట్టి బంతిపూల దండ వేశాం. దసరా జాకెట్ల గుడ్డలు మూటలుగా పడి ఉన్నా ముట్టుకోకూడదు. అత్త గుమ్మంలో కూర్చుని, వీధిలో పోయేవాళ్లనల్లా ఆపి మిషన్ రేటు అడుగుతోంది. తాతయ్య ఆ గోల వినడం లేదు. ఆవిడ కుడిచెయ్యినే చూస్తున్నాడు. ఒళ్లో ఉన్న ఆ చెయ్యి దానంతటది ముందుకి తోస్తోంది, ఆగుతోంది, మళ్లీ తోస్తోంది.

"మిషన్‌కి సెలవిచ్చినాం గానీ, నీ సేతికి ఇవ్వనేదేటే?" అన్నాడు.

అత్త చెయ్యి చూసుకుని నవ్వబోయి, ఏడ్చేసింది. భుజం పట్టేసి నిద్ర ఉండటం లేదని అప్పుడు బయటపెట్టింది.

"అది నీకు పన్జెయ్యాల. నువ్వు దానికి సేత్తన్నావు. ఇంక రేటడక్కు," అన్నాడు తాతయ్య.

మర్నాడే కొత్తది ఇంటికొచ్చింది. దీపావళికి నిజంగానే ధర తగ్గింది. వీధిలో వాళ్లు అయ్యో పాపమన్నారు. "తగ్గితే తగ్గనీ, నా బుజం నాకొచ్చీసింది," అంది అత్త.

నిన్న భోజనం దగ్గర మా ఆవిడ ఉన్నట్టుండి నా ఎడమచెయ్యి పట్టుకుంది. రెండు వేళ్లు కంచం పక్కన బల్లని నొక్కుతూనే ఉన్నాయట. కంప్యూటర్ ఆగిపోతే గీసింది ఎక్కడ పోతుందోనని గీతగీతకీ సేవ్ నొక్కే అలవాటు.

"అన్నం కూడా సేవ్ సేత్తన్నారేటి?" అంది.

ఈ ఉదయం వెళ్లి కొత్త కంప్యూటర్‌కి ఆర్డరు చెప్పి వచ్చాను. రేపు ధర పడిపోతే మనవరాలు దెప్పుతుంది, దెప్పనీ. అత్త ఆ రోజు నొప్పికి ఏడ్చిందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. తన చెయ్యి వంక ఒకరు చూశారని ఏడ్చిందని, మా ఆవిడ నా చెయ్యి పట్టుకున్నాక తెలిసింది.