దొర బంగళా ముందు వాలు

మలేషియాలో క్లాంగ్ దగ్గరి ఒక పామాయిల్ తోటలో మౌంటెన్ బైక్ తొక్కడం నేర్చుకుందామని వెళ్లాను. నేర్పినాయన అప్పలస్వామి గారు, పోర్ట్ క్లాంగ్‌లో గోడౌన్ పని చేసి రిటైరయ్యారు. ఆయన తాత శ్రీకాకుళం వైపు నుంచి ఈ తోటకే కూలీగా వచ్చాడట. అప్పట్లో ఇది రబ్బరు తోట.

ఆయన మొదటి పాఠం నాకు బాగా నచ్చింది. "బయమేస్తే దిగిపో బాబూ. దిగితే సిగ్గేటి, లా!" అన్నారు, అక్కడివాళ్లందరిలాగే మాట చివర 'లా' తగిలిస్తూ. చెట్ల వేళ్లు అడ్డొచ్చినా, బురద కనబడినా తానే ముందు దిగి నడిచారు. నేనూ గంటసేపు దిగుతూ ఎక్కుతూ గడిపాను.

తర్వాత కప్పు కూలిన ఒక పాత బంగళా వచ్చింది. దాని ముందు నుంచే దారి నిటారుగా కిందికి పోతోంది. నేను అలవాటుగా కాలు నేలకు ఆనించాను.

"ఇక్కడ దిగొద్దు," అన్నారాయన.

"ఎందుకండీ?"

"ఇది దొర బంగళా. దీని ముందర కూలోళ్లు సైకిలెక్కి పోకూడదు. మా తాత రోజూ దిగి, తల దించుకోని తోసుకుంటా పోయేవోడు. దొర లేకపోయినా దిగేవోడు. నా సిన్నప్పుడు సూసినాను."

సీటు మీంచి లేచి, ఒంటి బరువు వెనక్కి వేసి, రెండు బ్రేకులూ నొక్కుతూ కిందికి పోయాను. పడలేదు, అంతే. వెనకే ఆయన బ్రేకు ముట్టకుండా వచ్చారు.

తర్వాతి వాలు అందులో సగం కూడా లేదు. అక్కడ అప్పలస్వామి గారు మామూలుగా దిగి, సైకిల్ నడిపించుకుంటూ వెళ్లారు.