డబ్బాలో బయానా

అంతమ్మది హిమాయత్‌నగర్. సిటీలో నగల దుకాణాలున్న హిమాయత్‌నగర్ కాదు, మొయినాబాద్ మండలంలో చేవెళ్ల రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే పల్లె. అక్కడ ఆమెకు ఎకరం ఆకుకూరల తోట, ఒక బోరు, నోట్లో నాలుక లేని మొగుడు ఎంకయ్య, కూతురు ఉమారాణి, వీటన్నిటికీ మించి బోలెడంత అనుమానం ఉన్నాయి.

ఆ అనుమానం ఊరికే రాలేదు. ఏళ్ల తరబడి సిటీవాళ్లు తెల్లకార్లలో వస్తూనే ఉన్నారు. ముందు మిఠాయి డబ్బా చేతిలో పెడతారు. తర్వాత అవ్వా అని వరస కలుపుతారు. ఆ తర్వాత భూమి సంగతి తీస్తారు. పక్కచేను శాంతయ్య ఆ మిఠాయి తిన్నాడు, అడ్వాన్సుగా బయానా పుచ్చుకున్నాడు, ఇప్పుడు తన పొలంలోనే లేచిన ఫామ్‌హౌస్ గేటు దగ్గర కాపలా కాస్తున్నాడు. అంతమ్మ మాత్రం డబ్బా మూత కూడా తీయకుండా తిప్పి పంపేది. దవాఖానలో గోళీలు ఇచ్చినా, పక్కామెకు ఏవి ఇచ్చారో చూసి గానీ మింగదు. అలాంటి మనిషి కూతురిని డిగ్రీకి సిటీకి పంపిందంటే ఊరివాళ్లు ఇప్పటికీ నమ్మరు.

ఉమారాణిది ఆఖరి సంవత్సరం. క్లాసులు అయిపోయి సెలవులిచ్చినా రోజూ బస్సెక్కి అఫ్జల్‌గంజ్ లైబ్రరీకి పోతోంది. ఈ మధ్య కొత్త రాగం ఎత్తుకుంది. పీజీ ఎంట్రెన్సుకు చదవాలట, బస్సు కోసం మధ్యలోనే లేచి రావాల్సి వస్తోందట, అక్కడికి దగ్గరలో ఒక లేడీస్ హాస్టల్లో మంచం ఖాళీ అయిందట, సోమవారం లోపు చెప్పకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారట.

"ఇట్ల ఉరుక్కుంట సదివితే నాకు సీటు రాదమ్మా."

"సదువుతానికి పుస్తకం కావాలె గని మంచమెందుకే?" అని అప్పటికి నోరు మూయించింది అంతమ్మ.

అసలు తిరకాసు టిఫిన్ డబ్బాలో ఉంది. ఇంట్లో పిచ్చుకలా కొరికే పిల్ల, జొన్నరొట్టెలకు ఇంకో డబ్బా కావాలంది. సరే, ఎదిగే వయసు అనుకుంది తల్లి. కానీ సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆ డబ్బా కడిగి ఉండేది. పుట్టి బుద్ధెరిగాక ఉమారాణి ఒక గిన్నె కడిగిన పాపాన పోలేదు. పైగా డబ్బా ఖాళీగా వచ్చేది కాదు. ఒకనాడు గుప్పెడు పల్లీలు, ఒకనాడు చింతపండు, నిన్న ఏకంగా బెల్లం ముక్క.

అంతమ్మ ఆ బెల్లాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఉత్త గిన్నె తిప్పి పంపకూడదన్న పద్ధతి సిటీలో చదువుకునే పోరగాళ్లకు ఏం తెలుసు? ఇది పెద్దదిక్కు ఉన్న ఇంటి పని. ఆ ఇంట్లో ఒక కొడుకు ఉండే ఉంటాడు.

"బయానా ఇచ్చిండ్రయ్యా," అంది మొగుడితో.

"భూమికా?"

"బిడ్డకు!"

"జర దాన్నే అడుగరాదు?" అన్నాడు ఎంకయ్య.

"అడిగితే చెప్తదా? శాంతయ్యకు ముందుగాల ఎవడన్న నిజం చెప్పిండా?"

మర్నాడు కొత్తిమీర కట్టలు అమ్మే పని పక్కింటి గోపమ్మకు అప్పజెప్పి, ముఖం మీదికి కొంగు లాక్కుని కూతురెక్కిన బస్సే ఎక్కింది. ఫ్రీ బస్సులో ఆడవాళ్ల తొక్కిడికి తల్లి కూతురికి కనబడే ప్రమాదమే లేదు. మెహదీపట్నంలో కూతురు బస్సు మారితే తనూ వెనకే మారింది. ఉమారాణి నిజంగానే లైబ్రరీ మెట్లెక్కింది. అంతమ్మకు కొంచెం నిరాశ కూడా కలిగింది.

మధ్యాహ్నం పిల్లలు బయటికొచ్చి గోడ నీడలో పేపర్లు పరిచారు. ఆడపిల్లలు ఎక్కువ, మగపిల్లలు ఇద్దరు. అందరి మధ్య అంతమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెల డబ్బా. చూస్తుండగానే ఖాళీ అయింది. బక్కపలచని కుర్రాడొకడు దాన్ని నల్లా దగ్గరికి తీసుకుపోయి కడిగి, జేబులోంచి ఏదో తీసి అందులో వేశాడు.

అంతమ్మ ఇక ఆగలేదు. "ఏ ఊరు నీది? ఎవల కొడుకువు? ఏమేసినవ్ నా డబ్బల?"

కుర్రాడు బిక్కచచ్చిపోయాడు. "నారాయణపేట దిక్కమ్మా. పేరు ఎల్లేశ్. నిమ్మకాయలేసిన. ఉత్త డబ్బ ఇయ్యొద్దని మా అవ్వ జెప్పింది. ఇయ్యాల కడిగే వంతు నాది."

"మరి బెల్లం?"

"నేనమ్మా, మాది జహీరాబాద్," అంది ఒకమ్మాయి. పల్లీలు ఇంకొకరివి, చింతపండు మరొకరిది. అందరూ కిరాయి రూముల్లో, హాస్టళ్లలో ఉండేవాళ్లే. ఎవరు ఊరికి పోయొచ్చినా ఇంటి నుంచి తెచ్చింది ఆ డబ్బాలో పడుతుంది. ఒక బయానా అనుకుంటే ఇక్కడ అరడజను ఇళ్లు తేలాయి. అంతమ్మకు నవ్వొచ్చింది, సిగ్గేసింది, ఆ రెండూ బయటపడకుండా కూతురి మీద కోపం తెచ్చుకుంది.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే, వాళ్లెవలు వీళ్లెవలు అని రొట్టెలు బంద్ చేస్తవని," అంది ఉమారాణి తల వంచుకుని. అది అబద్ధం కాదు.

అయినా అనుమానం చావలేదు. పిల్లలు లోపలికి పోయాక అంతమ్మ హాలు తలుపు దగ్గర చెప్పులు విడిచి నిలబడింది, ఎల్లేశ్ ఎటు చూస్తున్నాడో కనిపెట్టడానికి. వాడు పుస్తకంలోంచి తలెత్తితే ఒట్టు. ఆ హాల్లో ఎవరూ ఎత్తలేదు. ఉమారాణి వేలితో వరసలు తడుముతూ, పెదవులు కదుపుతూ, ఏదో అందినట్టు చప్పున రాసుకుంటోంది. ఇంట్లో అన్నం ముందు కూర్చున్నప్పుడు ఎన్నడూ లేని ఆకలి ఆ ముఖంలో ఉంది.

సాయంత్రం కావస్తుండగా పక్కపిల్ల ఆమె భుజం తట్టింది. "ఉమా, నీ బస్సు."

ఉమారాణి వేలు వరస మీదే ఆగిపోయింది. చుట్టూ ఎవరూ లేవలేదు. ఆమె ఒక్కతే పుస్తకం మూసి, కుర్చీ చప్పుడు కాకుండా జరిపి లేచింది.

తోటలో కూలివాళ్లు తింటుంటే వాన ముంచుకొచ్చినా సరే, పళ్లెం ముందు నుంచి ఎవర్నీ అంతమ్మ లేపింది లేదు. సొంత బిడ్డను మాత్రం రోజూ లేపుతోంది.

గబగబా లోపలికి నడిచింది. కూతురి భుజం మీద చెయ్యి వేసి కుర్చీలోకి నొక్కింది.

"కూసో బిడ్డ," అంది, అందరూ తలెత్తి చూసేంత గట్టిగా. "మంచం మాదేనని ఆ హాస్టలోళ్లకు నేను జెప్పి పోత."