బాలయేసుకు కొత్త బట్టలు

పొద్దున్నే గదిలో అడుగుపెట్టి పక్క చూస్తే చాలు, రాత్రి అక్కడ పడుకున్నది ఎలాంటి మనిషో ఒతీలియా చెప్పేయగలదు. మంచానికి ఒక పక్కనే నలిగి, రెండో పక్క వేసిన దుప్పటి వేసినట్టే ఉంటే అది బస్సు డ్రైవరు. ఒళ్ళు వాల్చినవాడు వాల్చినట్టే లేచిపోయాడు. దిండు కింద రొట్టె పొడి కనిపిస్తే, పిల్లని యూనివర్సిటీలో చేర్చడానికి కొండ ఊళ్ళ నుంచి దిగిన తల్లి. బయట కొనుక్కోవడానికి చేతులు రాక, మూటలో తెచ్చుకున్నదే తిని పడుకుంది. ఇక దుప్పటి మడిచి, దిండ్లు సర్ది, చెత్తబుట్ట కూడా తామే ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళుంటారు. వాళ్ళని పోల్చుకోవడం మరీ తేలిక. ఎక్కడో ఒకచోట వాళ్ళూ ఇంకొకళ్ళ పక్కలు సర్దేవాళ్ళే.

గ్వానహ్వాతోలో ఇళ్ళు ఒకదాని భుజాల మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. దానిమ్మ సత్రమూ అంతే. పద్నాలుగు గదులు, మూడు స్నానాల గదులు, నడుమ రాళ్ళు పరిచిన వాకిలి, అందులో ఎప్పుడో ఎండి మోడైన దానిమ్మ చెట్టు. పైన డాబా మీద నీళ్ళ ట్యాంకు, బట్టలుతికే రాతి తొట్టి, దండేలు, ఒక రేకుల గది. ఆ రేకుల గదిలో ఒతీలియా ఇరవై నాలుగేళ్ళుగా ఉంటోంది. వీధి గుమ్మం నుంచి అక్కడికి అరవై ఎనిమిది మెట్లు. తడి దుప్పట్లు మోసేవాళ్ళకి మెట్ల లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు.

ముప్ఫై నాలుగేళ్ళ వయసులో, మొగుడు పోయాక, సియెర్రా గోర్దా కొండల్లోంచి పని వెతుక్కుంటూ వచ్చింది. సత్రం యజమానురాలు డోన్యా కసిల్దా అప్పటికే విధవరాలు. పిల్లలు లేరు. కాగితమూ కలమూ లేకుండానే పని కుదిరింది: వారానికింత చేతికి, పైన గది. మూడు నెలలు తిరిగేసరికి ముగ్గురు రాజుల పండుగ వచ్చింది. ఆ రోజు ఇంటిల్లిపాదీ కూర్చుని గుండ్రటి రాజుల రొట్టె కోసుకుంటారు. రొట్టెలో వేలెడు కూడా లేని పసిబొమ్మ ఒకటి దాచి ఉంటుంది. ఎవరి ముక్కలో అది వస్తే వాళ్ళు ఆ ఇంటి బాలయేసు విగ్రహానికి జ్ఞానతల్లో జ్ఞానతండ్రో అవుతారు. ఫిబ్రవరి రెండున, కందెలారియా పండుగకి, స్వామికి కొత్త బట్టలు తొడిగి గుడికి తీసుకెళ్ళాలి. వచ్చినవాళ్ళందరికీ మొక్కజొన్న పొత్తుల ఆకుల్లో పిండి చుట్టి ఉడికించిన తమాలెలు పెట్టాలి.

ఆ ఏడు బొమ్మ ఒతీలియా పంటి కింద పడింది.

"అయితే ఇక మీరు నాకు పనిమనిషి కాదు, కొమాద్రె!" అని డోన్యా కసిల్దా ఆమెని కావలించుకుంది. బిడ్డకి తల్లీ జ్ఞానతల్లీ అయిన ఇద్దరాడవాళ్ళు ఒకరినొకరు పిలుచుకునే పిలుపది. మట్టి విగ్రహం విషయంలోనైనా ఆ బంధం బంధమే. కొమాద్రెలు ఒకరినొకరు మీరు అనుకోవాలి. పోట్లాడుకోకూడదు, పోట్లాడుకుంటే పాపం. ఒతీలియాకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పట్నంలో తనకొక మనిషి దొరికిందనుకుంది.

ఆనవాయితీ ప్రకారం జ్ఞానతల్లి మూడేళ్ళు బట్టలు పెడితే చాలు. ఒతీలియా ఇరవై నాలుగు జతలు కుట్టింది. గుడ్డ డోన్యా కసిల్దాది, కళ్ళూ వేళ్ళూ ఒతీలియావి. ఒక ఏడు బుట్టా సొరకాయ బుర్రా పట్టిన యాత్రికుడి వేషం, ఒక ఏడు సన్యాసి అంగీ. ఒక ఏడు తడి మెట్ల మీద జారి ఆమె మణికట్టు విరిగింది. సర్కారు ఆసుపత్రిలో నీ పని నమోదు నంబరు ఎంత అని అడిగారు. నంబరు లేదు. "నంబర్లెందుకండీ కొమాద్రె, మన మధ్య?" అని డోన్యా కసిల్దా తనే ఎముకలు కట్టేవాడిని పిలిపించింది. మణికట్టు వంకరగా అతుక్కుంది. ఆ వంకర చేత్తోనే ఒతీలియా ఆ ఏడు బాలయేసుకు డాక్టరు కోటు కుట్టింది. మెడలో వేలాడే గొట్టంతో సహా.

కుటుంబంలో మనిషి అన్న మాట ఎంత తియ్యగా ఉంటుందో అంత చవగ్గా ఉంటుంది. జీతానికి బదులు ఆ మాట, సెలవుకి బదులు ఆ మాట, మందులకి బదులు ఆ మాట. ఆ ఊళ్ళో ప్రతి పాత ఇంటి డాబా మీదా ఒక రేకుల గది ఉంది. ప్రతి రేకుల గదిలోనూ అలాంటి కుటుంబ సభ్యురాలు ఒకతె ఉంది. కింద గోడల మీది కుటుంబం పటాల్లో మాత్రం ఆమె కనిపించదు.

ఈ ఏడు రాజుల పండుగకి డోన్యా కసిల్దా మేనల్లుడు ఫాబియాన్ వచ్చాడు. సత్రం అమ్ముడుపోతోంది. కొన్నవాళ్ళు దాన్ని డబ్బున్నవాళ్ళ హోటలు చేస్తారు, డాబా మీద బార్ పెడతారు. అత్తని కెరెతారోలో తన ఇంటికి తీసుకుపోతానన్నాడు. రొట్టె దగ్గర నలుగురే కూర్చున్నారు. నాలుగోవాడు డాన్ అబుందియో. లెయోన్ నుంచి బూట్ల నమూనాలు పట్టుకుని నెలకోసారి వస్తాడు. పంతొమ్మిదేళ్ళుగా తొమ్మిదో నంబరు గదే అతని గది.

నములుతున్న ఫాబియాన్ చటుక్కున ఆగిపోయాడు. ఎడమ బుగ్గ కొంచెం ఉబ్బింది.

"ఏం బాబూ, పన్ను విరిగిందా, దేవుడు దొరికాడా?" అన్నాడు డాన్ అబుందియో.

"ఖర్జూరం గింజ."

"ఈ రొట్టెలో నారింజ తొక్కా అత్తిపండూ తప్ప ఖర్జూరం ఎప్పుడేశారయ్యా?"

"ముసలాయనా, నీ చాక్లెట్టు నువ్వు తాగు."

రొట్టె అయిపోయింది. బొమ్మ రాలేదు. "రొట్టెవాడు వెయ్యడం మరిచినట్టున్నాడు" అని డోన్యా కసిల్దా శిలువ గీసుకుంది. మర్నాడు ఫాబియాన్ గది ఊడుస్తుంటే చెత్తబుట్ట అడుగున, నలిపిన కాగితం రుమాలులో, ఒతీలియాకి బొమ్మ దొరికింది. చెత్తబుట్టలు ఖాళీ చేసే మనిషి దగ్గర ఏ రహస్యం దాగుతుంది? కడిగి ఏప్రాన్ జేబులో వేసుకుంది.

ఆ మధ్యాహ్నమే ఫాబియాన్ ఆమె ముందు ఒక కాగితం పెట్టాడు.

"ఓతీ, ఇక్కడ సంతకం పెట్టు. మామూలుదే. కొన్నవాళ్ళు అడుగుతున్నారు."

"చదువుకుని పెడతాను బాబూ."

"చదవడానికేముంది అందులో? నువ్వు మా మనిషివని రాశాం. అంతే."

నిజంగా అంతే రాశారు. 'సదరు ఒతీలియా బర్రియెంతోస్ ఈ ఇంట్లో యజమానురాలి దయవల్ల, కుటుంబ మిత్రురాలిగా నివసించినదే తప్ప ఎన్నడూ ఉద్యోగి కాదు.' తొమ్మిదో నంబరు గదిలో డాన్ అబుందియో కళ్ళజోడు పెట్టుకుని దాన్ని రెండుసార్లు చదివాడు.

"డోన్యా ఓతీ, దీని మీద సంతకం పెడితే మీరు ఇరవై నాలుగేళ్ళు ఇక్కడ నిద్రపోయారని అర్థం."

"నేనా? నిద్రా?"

"మరే. పక్కలన్నీ వాటంతటవే సర్దుకున్నాయని. ముసలితనంలో పింఛనూ లేదు, ఆసుపత్రీ లేదు. పెట్టకండి. కిందికెళ్ళే దారిలో కార్మికుల రాజీ కార్యాలయం ఉంది. నేనూ వస్తాను పదండి, పంతొమ్మిదేళ్ళ సాక్ష్యం నాది."

"కొమాద్రె మీద ఫిర్యాదు పెట్టకూడదండీ. పాపం."

"మిమ్మల్ని ఆ కాగితంలో లేకుండా చెయ్యడం పాపం కాదా?"

ఒతీలియా మూడు రోజులు ఆలోచించింది. ఇల్లు కావాలని ఆమె అడగదలుచుకోలేదు. తను పని చేసింది అన్న ఒక్క మాట ఎవరైనా రాయాలి. అది రాయకపోతే ఆ వంకర మణికట్టు కూడా అబద్ధమే అవుతుంది. నాలుగో రోజున తలకి శాలువా కప్పుకుని మెట్లు దిగింది. వాయిదా జనవరి ముప్ఫై ఒకటిన ఇచ్చారు.

రాజీ కార్యాలయం నుంచి సత్రానికి నోటీసు వచ్చినా ఆమె పని మానలేదు. పక్కలు సర్దింది, నేలలు తుడిచింది, దుప్పట్లు ఆరేసింది. ఒక్కటే మానేసింది. కుట్టుమిషను మీద కప్పిన గుడ్డ తియ్యలేదు. జనవరి ఇరవయ్యో తారీఖుకల్లా డోన్యా కసిల్దా గాజు పెట్టెలోని విగ్రహం పక్కన తెల్ల పట్టుగుడ్డ పెట్టడం అలవాటు. ఈసారీ పెట్టింది. వారమైనా గుడ్డ అక్కడే ఉంది.

పదకొండేళ్ళుగా డాబా ఎక్కని ఆ ముసలామె, డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, ఒక మధ్యాహ్నం గోడ పట్టుకుని ఎక్కొచ్చింది. మెట్టు మెట్టుకీ ఆమె జపమాల గోడకి తగులుతున్న చప్పుడు ఒతీలియాకి వినపడుతూనే ఉంది. ఉతుకుతున్న దుప్పటి వదిలి ఎదురెళ్ళలేదు.

"స్వామికి బట్టలెక్కడండీ కొమాద్రె? పండగ ముంచుకొచ్చేస్తోంది."

ఒతీలియా చేతులు తుడుచుకుని జేబులోంచి ప్లాస్టిక్ బొమ్మ తీసి ఆమె అరచేతిలో పెట్టింది.

"ఈ ఏటి జ్ఞానతండ్రి మీ మేనల్లుడండీ. ఖర్జూరం గింజ ఇదే. ఆయన్నే కుట్టమనండి."

డోన్యా కసిల్దా ఆ బొమ్మని గుప్పిట్లో ముడుచుకుంది. కూర్చోవడానికి చోటు వెతుక్కుంటూ రేకుల గదిలోకి వెళ్ళింది. మంచం మీద పరుపు ఆరో నంబరు గదిలోంచి ఎప్పుడో తీసేసినది. దాని గళ్ళు ఆమె గుర్తుపట్టింది. గోడ నడుము ఎత్తుదాకా చెమ్మ. మంచం కాళ్ళ దగ్గర బకెట్.

"వానొస్తే కారుతుందా?"

"అందుకే బకెట్."

"ఇన్నేళ్ళలో నాకొక్కసారి చెప్పలేదేమండీ?"

"ఎవరికి చెప్పను? కొమాద్రెకి ఫిర్యాదు చెయ్యకూడదు. యజమానికి చెబుదామంటే, యజమాని అనే మనిషి లేదన్నారు కదా. నేనెప్పుడు గుమ్మం తట్టినా, ఆ ఇద్దరిలో నాకు కావలసినావిడ ఇంట్లో ఉండేవారు కాదు."

ముసలామె లేచింది. దిగేటప్పుడు ఒతీలియాయే చెయ్యి పట్టుకుని దించింది.

రాజీ కార్యాలయంలో పొడవాటి బల్లకి అటు ఫాబియాన్, అతని లాయరు, డోన్యా కసిల్దా. ఇటు ఒతీలియా, డాన్ అబుందియో. మధ్యలో ముప్ఫై ఏళ్ళు కూడా నిండని ఒక ఆడపిల్ల, అధికారి.

లాయరు అందుకున్నాడు. "వీళ్ళిద్దరూ కొమాద్రెలు. ఊరంతా ఎరుగుదురు. ఇంటి బాలయేసుకి ఈవిడే జ్ఞానతల్లి. సొంత మనిషి ఇంట్లో నాలుగు పనులు అందుకుంటే దాన్ని ఉద్యోగమంటారా?"

"నాలుగా? పద్నాలుగు గదులు బాబూ" అన్నాడు డాన్ అబుందియో.

"మీ వంతు వచ్చాక చెప్పండి" అంది అధికారి. ఒతీలియా వైపు తిరిగింది. "అమ్మా, ఈవిడ మీకేమవుతారు?"

నోట్లో మాట ఉంది. ఇరవై నాలుగేళ్ళుగా రోజూ అంటున్న మాట. ఒతీలియా దాన్ని మింగేసింది. బల్ల కింద వంకర మణికట్టుని రెండో చేత్తో పట్టుకుంది.

"ఈవిడ నా యజమాని" అంది.

డోన్యా కసిల్దా కళ్ళు మూసుకుంది. ఫాబియాన్ ఆమె చెవిలో ఏదో అన్నాడు. ఆమె చెయ్యెత్తి అతన్ని ఆపింది.

"మీరేమంటారమ్మా?" అంది అధికారి.

"నా వాళ్ళెవరూ ఏనాడూ నాకోసం అరవై ఎనిమిది మెట్లెక్కలేదమ్మాయీ. మొన్న నేనెక్కాను, లెక్కపెట్టుకుంటూ. ఈవిడ రోజూ ఎక్కింది." అంది ముసలామె. "పని చేసింది. నా దగ్గర. ఇరవై నాలుగేళ్ళు. అలాగే రాయి."

"అత్తా, నీకేం తెలీదు, ఊరుకో! ఈవిడ నీ కొమాద్రె కదా?"

"కాదని ఆవిడే చెప్పింది కదరా." ఆమె ఒతీలియా వైపు చూడకుండానే అంది. "రెండూ ఎలా కుదురుతాయి?"

రాశారు. సంవత్సరాలు అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాశారు. సత్రం అమ్మకం ఆగలేదు. మార్చి నెలాఖరుకి రేకుల గది ఖాళీ చెయ్యాలి. మిగతా లెక్కలు మరో వాయిదాలో తేలతాయి. కానీ ఆ కాగితం మీద ఒతీలియా బర్రియెంతోస్ అన్న పేరు పక్కన కార్మికురాలు అన్న మాట ఉంది. బయట ఎండలో నిలబడి ఆమె ఆ ఒక్క మాటనే మళ్ళీ మళ్ళీ చదువుకుంది. డాన్ అబుందియో అభినందించబోయి, ఆమె మొహం చూసి, టోపీ తీసి చేత్తో పట్టుకుని నడిచాడు.

ఆమె సత్రానికి వచ్చేసరికి మోడు దానిమ్మ దగ్గర కుర్చీలో డోన్యా కసిల్దా కూర్చుని ఉంది. ఒళ్ళో బాలయేసు, నిరుటి బట్టల్లో. పక్కన మడత విప్పని తెల్ల పట్టుగుడ్డ.

"ఒతీలియా" అని పిలిచింది. ఆ ఇంట్లో ఆ పేరుతో ఆమె పిలవడం ఇరవై నాలుగేళ్ళలో అదే మొదలు.

"చెప్పండి, సెన్యోరా" అంది, పనివాళ్ళు యజమానురాలిని పిలిచినట్టు.

"ఎల్లుండే పండగ. ఒక జత కుట్టడానికి నువ్వు ఎంత తీసుకుంటావు?"

ఒతీలియా గుడ్డని వేళ్ళతో తడిమి చూసింది.

"నాలుగు వందల పెసోలు. గుడ్డ మీది."

"సరే."

బాలయేసు కొలతలు ఆమెకి కళ్ళు మూసుకున్నా వచ్చు. భుజం నుంచి మడమ దాకా, చంక నుంచి మణికట్టు దాకా, ఇరవై నాలుగేళ్ళలో వెంట్రుకవాసి మారలేదు. అయినా ఏప్రాన్ జేబులోంచి టేపు తీసింది. యజమాని ఒళ్ళోని విగ్రహం ముందు వంగి, దర్జీ కొత్త మనిషికి కొలతలు తీసినట్టు, నిదానంగా, ఒక్కొక్కటే కొలవడం మొదలుపెట్టింది. ముసలామె విగ్రహాన్ని కదలకుండా పట్టుకుంది.