తొమ్మిదికి మొదలయ్యే గోల

వీధిలో ఆయన్ని అందరూ యాంటెన్నాగారు అంటారు. గౌరవం కొద్దీ అనుకునేరు, కానే కాదు. మేడ మీద నుంచి గేటు దాకా రాగితీగ వేలాడదీసి, దాని కింద నుంచి నడిచే ప్రతివాణ్నీ కసిరే మనిషికి అంతకంటే మంచి పేరు దొరకలేదు. కరెంటు ఆఫీసులో ముప్ఫై ఏళ్లు కుర్చీ అరగదీసి రిటైరయ్యాడు. లైసెన్సు తీసుకుని, ఇంట్లోనే వైర్‌లెస్ సెట్టు పెట్టుకుని, ఎక్కడెక్కడి వాళ్లతోనో మాట్లాడే హామ్ రేడియో ఆయన వ్యసనం. వందల మైళ్ల అవతలి వాళ్లతో ఎంతో మర్యాదగా మాట్లాడతాడు. ఆ మర్యాద గుమ్మం దాటి వీధిలోకి రాదు.

ఆయన లెక్కలో లోకమంతా నాసిరకం. పక్కింటి ఎల్‌ఈడీ బల్బులు నాసిరకం, పైవాటా లెక్చరరు ఫోన్ ఛార్జరు నాసిరకం, అవి కొన్నవాళ్లు ఇంకా నాసిరకం. చవక సామాన్లన్నీ రేడియోలో గరగరమంటాయని ఆయన కోపం. ఈ చెత్త కరెంటు నా సెట్టుకి వద్దని మేడ మీద సోలార్ పలక పెట్టాడు. బ్యాటరీ నింపడానికి ఒక ఛార్జింగ్ పెట్టె సొంతంగా తయారుచేసి, దాని మీద ‘స్వచ్ఛమైన కరెంటు, ముట్టుకోవద్దు’ అని రాశాడు. ఆ పెట్టె గొప్ప రేడియోలో దొరికినవాడికల్లా చెప్పుకున్నాడు.

సరిగ్గా ఆ వారం నుంచే సెట్టులో గోల మొదలైంది. పొద్దున తొమ్మిదికి ఎత్తుకుని సాయంత్రం అయిదుకి ఆగుతుంది. ఇంటి మెయిన్ ఆపి చూశాడు, గరగర అలాగే ఉంది. అంటే తప్పు మన ఇంట్లో లేదు. ఎదురుగా ఉన్న టైలరమ్మ షాపు తొమ్మిదికి తెరిచి అయిదుకి మూస్తుంది. ఇక ఆయనకి వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

“మబ్బు పట్టిన రోజు ఈ గోల ఉండట్లేదేంటండీ?” అంది భార్య, బట్టలు మడత పెడుతూ.

“మబ్బుకీ కుట్టుమిషన్‌కీ ఏంటి సంబంధం? తెలియని వాటిల్లో వేలు పెట్టకు.”

తిన్నగా షాపుకి వెళ్లి నోరు పారేసుకున్నాడు. “నీ మోటారు ఉత్త చెత్త, అమ్మాయ్.”

“మీరన్నారనే కొత్తది వేయించాను కదా బాబాయ్‌గారూ.”

“అదీ చెత్తే.”

ప్రతి ఆదివారం పదింటికి తన గురువుగారు రేడియోలోకి వస్తారని చెబితే, ఆవిడ పాపం ఆ గంటసేపూ మిషన్ ఆపి చేత్తో కుట్టుకునేది. అయినా గోల ఆగకపోతే, ఆపానని అబద్ధమాడుతోందనేవాడు.

చిన్నప్పుడు ఈయనకి రేడియో విద్య నేర్పింది ఆ గురువుగారే. ఎక్కడో దూరాన ఉంటారు, ముసలి ప్రాణం, పాత సెట్టు. ఈయన మాట అటు చక్కగా చేరుతుంది. అటు నుంచి వచ్చేదంతా గరగరలో కలిసిపోతుంది. వినపడట్లేదని ఒప్పుకుంటే సరిపోయేది. కానీ వీధిలో అందరి సామాన్లకీ వంకలు పెట్టే మొనగాడికి ఆ మాట నోట రాదు. టైలరమ్మ మీద చాడీలు చెప్పడం, ఆ పైన “మీరు మాత్రం బాగా వినపడుతున్నారు. అలాగే గురువుగారూ” అనడం, మూడు నెలలుగా ఇదే తంతు.

ఇంతలో గురువుగారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ‘ఒంట్లో ఓపిక లేదు. కూతురింటికి పోతున్నాను, సెట్టు ఇచ్చేస్తున్నాను. వచ్చే ఆదివారమే ఆఖరు.’ అది చదివాక యాంటెన్నాగారికి మొదటిసారి భయం వేసింది. ఆ గొంతు ఒక్కసారైనా వినాలి. టైలరమ్మ దగ్గరికెళ్లి ఆ ఆదివారం షాపే తెరవొద్దన్నాడు. ఆవిడ సరేనంది.

ఆదివారం షాపుకి తాళం ఉంది. తొమ్మిదికి గోల మొదలైంది.

చిన్న ట్రాన్సిస్టర్ చేత పట్టుకుని వీధిలోకి పరిగెత్తాడు. షాపు దగ్గర గరగర సన్నగా ఉంది. పక్కింటి గోడ దగ్గర, లెక్చరరు కిటికీ కింద, స్తంభం దగ్గర వెతుకుతూ గంట గడిపాడు. తన గేటు దగ్గరికి వచ్చినప్పుడల్లా గోల పెరుగుతోంది. మెట్లెక్కుతుంటే ఇంకా పెరిగింది. ‘స్వచ్ఛమైన కరెంటు’ దగ్గర చెవులు చిల్లులు పడేలా ఉంది. పలక మీద ఎండ పడేది తొమ్మిదికి, పోయేది అయిదుకి. మెయిన్ ఆపితే ఇల్లంతా ఆగింది కానీ, ఎండతో నడిచే ఈ పెట్టె ఆగలేదు. వైరు పీకాడు. ట్రాన్సిస్టర్ నోరు మూసుకుంది.

కిందికి వచ్చి సెట్టు ముందు కూలబడేసరికి పదీ ఇరవై. గురువుగారి గొంతు పక్కగదిలోంచి వచ్చినంత స్పష్టంగా ఉంది.

“...ఆ టైలరు పిల్లని ఏమీ అనకురా. గోల నీ సోలార్ పెట్టెదే. పన్నెండు వారాలుగా ఇదే చెబుతున్నాను, అలాగే గురువుగారూ అంటావు, చెయ్యవు. సరే, ఇక ఉంటాను. జాగ్రత్త.”

మైకు అందుకుని పిలిచాడు. అరగంట పిలిచాడు. అటు సెట్టు కట్టేశారు. ఆదివారం ఈ వేళకి గది ఇంత నిశ్శబ్దంగా ఉండి మూడు నెలలైంది. తల వంచుకుని కూర్చున్న మొగుణ్ని చూసి, భార్య మబ్బు సంగతి ఎత్తలేదు.

మర్నాడు షాపు తెరుస్తూ టైలరమ్మ పలకరించింది. “నిన్న గురువుగారు వినపడ్డారా బాబాయ్‌గారూ?”

“ఆఁ, బాగా వినపడ్డారు.”

“పోన్లెండి, షాపు మూసినందుకు ఫలితం దక్కింది” అని ఆవిడ సంతోషంగా మిషన్ ముందు కూర్చుంది. ఆయన కాదనకుండా ఇంట్లోకి వెళ్లిపోయాడు.