ఇంజన్‌కి పెట్టిన బొట్టు

మొన్న మాకేం జరిగిందో వింటే మీరు నన్ను మళ్ళీ ఏ పూజకీ పిలవరు. చాయ్ తాగుతూ వినండి, మధ్యలో నవ్వొచ్చి పొలమారితే మాత్రం నా పూచీ లేదు. కారుందని ఇన్నాళ్ళూ కాలర్ ఎగరేసుకు తిరిగాను కదా, అదే, ఆ జర్మనీ కారు! అది ఇప్పుడు మళ్ళీ షెడ్డులో బోనెట్ తెరుచుకుని నిలబడింది. తప్పు మిస్త్రీది కాదు, గొలుసుది కాదు, పాపం ఆ ముసలి కారుదీ కాదు. నాది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే నా భక్తిది!

మీకు తెలుసుగా, నేను రాయపూర్ భన్‌పురిలో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో బుకింగ్ క్లర్కుని. క్రితం ఏడాది ధైర్యం చేసి జీతం పెంచమని మా సేఠ్‌ని అడిగాను. ఆయన కాసేపు సీలింగ్ ఫ్యాను వంక చూసి, "రావ్‌జీ, ఐసా కరో, వో బడీ గాడీ ఆప్ లే జావో" అన్నాడు. ఆ పెద్ద బండి నన్నే తీసుకెళ్ళమని! గోడౌన్ మూల టార్పాలిన్ కింద ఏళ్ళ తరబడి పడున్న కారది. ఒకప్పుడు రాయపూర్‌లో అది వెళ్తుంటే రిక్షావాళ్ళు కూడా తొక్కడం ఆపి చూసేవారట. ఇప్పుడు వెనక సీట్లో పిల్లి పిల్లల్ని పెట్టింది. జీతం అడిగితే కారిచ్చే మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను, రోజూ నమస్తే కూడా పెడతాను!

ఇంటికి తోసుకొచ్చి చూపిస్తే మా ఆవిడ సుగుణ నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఇదేటండీ? దీన్ని మేపగలమా మనం?" అంది.

అన్నదే గానీ, తలుపు తీసి లోపల కూర్చుంది. తోలు సీటు మీద చేత్తో రాసి చూసింది. తర్వాత చాలా నెమ్మదిగా అడిగింది. "ఏవండీ, ఇది మనం ఎక్కడ ఆపమంటే అక్కడ ఆగుతుంది కదా?"

అంతే, నాకు అర్థమైపోయింది. ఈ ప్రశ్న వెనక పెద్ద కథుంది.

సుగుణది పార్వతీపురం వైపు. పెళ్ళై రాయపూర్ వచ్చిన దగ్గర్నుంచీ ఏటా మేం ఊరికి రైల్లోనే వెళ్తాం. రాయగడ దాటాక ఒకచోట కొండలు రెండు వైపులా విడిపోతాయి. మధ్యలో ఒక వాగు, నల్లరాళ్ళు. దసరా వెళ్ళాక చూడాలి, ఆ వాగు ఒడ్డు నుంచి కొండ మొదలు దాకా వలిసె పూలే! పసుపు ఆరబోసినట్టు ఉంటుంది. అక్కడ స్టేషన్ లేదు. రైలు ఆగదు. ఆ చోటు వస్తోందంటే సుగుణ తింటున్న పులిహోర కూడా పక్కన పెట్టేసి కిటికీ ఊచలకి మొహం ఆనించేస్తుంది. వంపు తిరిగి కనబడకుండా పోయేదాకా మెడ తిప్పి చూస్తూనే ఉంటుంది. తర్వాత ఒక్క మాట, ఏటా అదే మాట. "ఒక్క నిమిషం ఆగితే ఏం పోయింది ఈ రైలుకి?"

మా నాన్న రైల్వే గార్డు. కొత్తకోడలుగా వచ్చిన రోజుల్లో ఈవిడ ఆయన్ని అడిగేసింది కూడా! "మామయ్యగారూ, మీ బండి అక్కడ ఒక్క పాలి ఆపకూడదా?" అని. నాన్న మీసం దువ్వుకుని, "ఆపొచ్చమ్మా. ఆపితే ఉజ్జోగం పోతాది, మరి నేనూ అక్కడే వలిసెలు ఏసుకుని బతకాల" అన్నాడు. ఇల్లంతా నవ్వాం. సుగుణ కూడా నవ్వింది గానీ, ఆ కోరిక మాత్రం పోలేదు. పెద్ద కోరికలేం కోరే మనిషి కాదండీ. నగ అడగదు, చీర అడగదు. ఆ పూల మధ్య ఒకసారి దిగి నిలబడాలి, అంతే. అంత చిన్నది కూడా నేను తీర్చలేకపోయానే అని ఏటా ఆ వంపు దగ్గర నేనూ తింటున్నది పక్కన పెట్టేసేవాణ్ణి.

అందుకే కారు చూడగానే నా బుర్రలో ఒకటే పడింది. వలిసె పూలు పూసేనాటికి దీన్ని రోడ్డెక్కించాలి!

మా కంపెనీ షెడ్డుకి కారు తోసుకెళ్ళి, అక్కడ లారీలు చూసే సాహు మిస్త్రీకి చూపించాను. సాహు గొప్ప పనివాడు, అంతకంటే గొప్పగా చెప్పుకునేవాడు. ఇంజన్ స్టార్ట్ చేయగానే లోపల్నుంచి గరగరమని చప్పుడు. సాహు కళ్ళు మూసుకుని, భజన వింటున్నట్టు తలూపి, "టైమింగ్ చైన్ ఢీలా హో గే హవయ్. బదలే బర్ పడ్‌హీ" అని తీర్పు చెప్పాడు. గొలుసు వదులైందట, మార్చాల్సిందేనట.

నాకప్పటిదాకా సైకిల్‌కే గొలుసుంటుందని తెలుసు. సాహు వివరించాడు. ఇంజన్ కింద ఒక పళ్ళచక్రం, పైన ఒక పళ్ళచక్రం, రెంటినీ కలుపుతూ గొలుసు. కిందది పిస్టన్లని ఆడిస్తే పైది వాల్వుల్ని ఆడిస్తుంది. ఇద్దరూ ఒకే తాళంలో నడవాలి. ఒక్క పన్ను తప్పినా ఇంజన్ ఏడుస్తుంది, ఎక్కువ తప్పితే వాల్వులూ పిస్టన్లూ కొట్టుకు ఛస్తాయి. కంపెనీవాళ్ళు చెక్కిన గీతలు అరిగిపోయాయని, పాత గొలుసు విప్పేముందు సాహు తనే చక్రాల మీదా, పక్కన ఇంజన్ మీదా గుర్తులు పెట్టుకున్నాడు. లారీల వెనక బోర్డులకి వేసే ఎర్ర పెయింటుతో చిన్న చిన్న చుక్కలు. కొత్త గొలుసు బొంబాయి నుంచి రావాలి. వచ్చేదాకా ఇంజన్ పొట్ట తెరుచుకుని షెడ్డులో ఉండిపోయింది.

ఇంతలో విశ్వకర్మ పూజ వచ్చింది!

భన్‌పురిలో విశ్వకర్మ పూజంటే మీకు చెప్పాలా? ఆ రోజు ఎవడూ పానా పట్టడు. మిషన్లన్నీ కడిగి బొట్లు పెట్టి, దండలేసి, బూందీ పంచుతారు. మనకేమో దసరాకి ఆయుధపూజ. నేను ఇక్కడే పుట్టి పెరిగినవాణ్ణి, రెండూ నావే! సాహు సెలవులో ఉన్నాడు. షెడ్డులో నేనూ, నా కారూ. చూస్తే ఇంజన్ నిండా మడ్డి, మసి, ఎవరో చిందించిన ఎర్ర పెయింటు మరకలు. ఛీ, ఇలాంటి దానికా పూజ? కిరసనాయిలూ గుడ్డా తీసుకుని, తోమానండీ, అద్దంలా తోమాను! ఆ "మరకల్ని" గోటితో గీకి మరీ తీశాను. అవేమిటో నాకు సాహు పూసగుచ్చినట్టు చెప్పాడు కదా? చెప్పాడు. అప్పుడు గుర్తొచ్చిందా? రాలేదు. అప్పుడు నా కళ్ళముందున్నది ఇంజన్ కాదు, వలిసె పూలు.

ఇక బొట్టు. కుంకుమ పెడితే నూనె ఇనుము మీద నిలవదే! పెట్టినచోటల్లా జారిపోతోంది. పూజ అసంపూర్తిగా ఎలా వదుల్తాం? భోజనానికి ఇంటికెళ్ళినప్పుడు అద్దం దగ్గర సుగుణ గోళ్ళరంగు సీసా కనిపించింది. తీజ్ పండక్కి పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ ఇచ్చిన సీసా. ఎర్రగా, లోపల చెమ్కీ మెరుస్తూ ఉంటుంది. సుగుణ దాని మూత కూడా తియ్యలేదు. "వంటింట్లో ఎవరికి చూపించుకోను? ఆ పూల దగ్గరకెళ్ళే రోజు వేసుకుంటాను" అని దాచుకుంది. నేను చప్పుడు కాకుండా జేబులో వేసుకున్నాను. ఇంజన్‌కి చక్కగా, ఎక్కడ అందంగా ఉంటే అక్కడ, చక్రానికొక బొట్టు, పక్కనొక బొట్టు. కొబ్బరికాయ కొట్టి, "స్వామీ, మా ఆవిణ్ణి ఆ వాగు ఒడ్డున దింపు" అని దండం పెట్టుకున్నాను. నిజంగా కళ్ళు చెమర్చాయి. సాయంత్రం సీసాని మళ్ళీ అద్దం దగ్గరే పెట్టేశాను.

దసరా వెళ్ళాక గొలుసు వచ్చింది. సాహు చక్రాలు చూశాడు, ఎర్ర చుక్కలు చూశాడు, చుక్కకి చుక్క కలిపి గొలుసు బిగించేశాడు. తన గుర్తుని తను అనుమానించే రకం కాదు. స్టార్ట్ చేస్తే బండి ఒళ్ళంతా ఊగింది.

"కంపిస్తోందేంటి సాహూ?" అన్నాను.

"నయా చైన్ హవయ్ రావ్‌జీ, బైఠన్ దేవ!" అన్నాడు. కొత్త గొలుసట, సర్దుకోనివ్వాలట! నేనూ నమ్మాను. కొత్తకోడలు సర్దుకోదా ఏమిటి?

మొన్న ఆదివారం తెల్లారగట్లే బయల్దేరాం. సుగుణ పులిహోర కట్టింది, ఫ్లాస్కులో టీ పోసింది, పసుప్పచ్చ చీర కట్టింది. గోళ్ళరంగు సీసా ఎత్తి వెలుగులో చూసి, "ఏవండీ, ఇందులో సగం ఏమైపోయింది? మూతే తియ్యలేదు కదా నేను!" అంది. నేను గేరు మార్చడంలో చాలా బిజీగా ఉన్నట్టు నటించాను, కారింకా కదలకపోయినా. ఆవిడ దారిలోనే గోళ్ళకి రంగు వేసుకుంది. బండి ఊపుకి వేళ్ళకి కూడా పడింది. ఐనా ఎంత సంతోషమో! చేతులు రెండూ కిటికీలోంచి చాచి ఆరబెట్టుకుంటూ, ఏదో కూనిరాగం తీస్తూ కూర్చుంది.

కారు మాత్రం ఈడవడం మొదలెట్టింది. పాలవాడి సైకిల్ మమ్మల్ని దాటిపోయింది. సైలెన్సర్ లోంచి ఠప్ ఠప్‌మని చప్పుడొస్తే ఆరంగ్‌లో కుక్కలన్నీ వెంటపడ్డాయి. మహానది వంతెన ఇంకాస్త ముందుందనగా రోడ్డు మెరక ఎక్కబోయి, ఒక్కసారి దగ్గి, ఆగిపోయింది. నేను ఎంత తిప్పినా లేవలేదు.

"ఇక్కడ ఆపమన్లేదు కదండీ నేను" అంది సుగుణ. వేళాకోళంగానే అంది గానీ, కిటికీలోంచి చాచిన చేతులు లోపలికి తీసేసుకుంది.

రాయపూర్ వైపు పోతున్న మా కంపెనీ లారీ డ్రైవర్ ఒకడితో కబురంపితే, ఎండెక్కాక సాహు స్కూటర్ మీద వచ్చాడు. వస్తూనే ఇంజన్ మూత విప్పాడు. లోపలికి వంగాడు. చక్రం మీది చుక్కని గుడ్డతో తుడిచాడు. చుక్క పోలేదు సరికదా, ఎండలో మిలమిలా మెరిసింది!

"యే మోర్ పెయింట్ నో హయ్" అన్నాడు సాహు. తన పెయింటు కాదట. "మోర్ పెయింట్ మ చమకీ కహాఁ?" తన పెయింటులో చెమ్కీ ఎక్కడిదని!

సరిగ్గా ఆ క్షణంలోనే, పాపం మర్యాదకి, సుగుణ ఆయనకి టీ గ్లాసు అందించింది. సాహు గ్లాసు అందుకోలేదు. గ్లాసు పట్టుకున్న గోళ్ళ వంక చూశాడు. ఇంజన్ వంక చూశాడు. మళ్ళీ గోళ్ళ వంక చూశాడు. "బహన్‌జీ, హాథ్ దిఖావ తో!" అన్నాడు. ఆవిడ చెయ్యి చాపింది. పక్కపక్కన పెట్టి చూస్తే, ఇంజన్ బొట్టూ మా ఆవిడ గోరూ కవలపిల్లలు!

ఇద్దరూ కలిసి నా వైపు తిరిగారు. నేను మహానది వైపు తిరిగాను.

సాహు తిట్టాడు. ఛత్తీస్‌గఢీలో తిడితే ఇంత మధురంగా ఉంటుందని నాకు తెలీదు. అసలు గుర్తులెక్కడో తేలేదాకా ఏం చెయ్యలేనని, వాల్వులు వంగాయేమో ఇంజన్ పైభాగం విప్పి చూడాలని, లాక్కెళ్ళడానికి లారీ తెస్తానని స్కూటరెక్కి పోయాడు. ఇంకో గొలుసు అక్కర్లేదు గానీ, ఆ పనయ్యేసరికి కార్తీకం వెళ్ళిపోతుంది. అప్పటికి పూలుండవు. ఆ సంగతి సుగుణకీ తెలుసు, నాకూ తెలుసు.

సుగుణ గట్టు మీద దుప్పటి పరిచింది. పులిహోర విప్పింది. నేను ఎదురుగా కూర్చున్నాను. "తిట్టవే, తిట్టు" అన్నాను.

"దేవుడికి మొక్కుకున్నారా?" అంది.

"మొక్కుకున్నాను."

"ఏటని?"

చెప్పాను. ఆవిడ నా కంచంలో ఇంకాస్త పులిహోర వేసింది.

అప్పుడు వచ్చిందండీ రైలు. అక్కడ రోడ్డు పక్కనే పట్టాలు. మేం ఏటా ఎక్కే రైలే! కిటికీల్లోంచి జనం మమ్మల్ని చూశారు. చెట్టునీడ, నదిగాలి, పక్కన అంత పెద్ద కారు, తీరిగ్గా కూర్చుని భోంచేస్తున్న మొగుడూ పెళ్ళాలు. ఒక కిటికీలో ఒకావిడ ఊచలకి మొహం ఆనించి మమ్మల్నే చూస్తోంది. రైలు వంతెనెక్కేదాకా మెడ తిప్పి చూస్తూనే ఉంది. అచ్చం సుగుణలాగే!

సుగుణ లేచి నిలబడి, ఎర్రగోళ్ళ చెయ్యెత్తి ఊపింది. రైలు పోయాక కూడా కాసేపు ఊపుతూనే ఉంది. "పాపం, ఆవిడకిక్కడ దిగాలనుందండీ" అంది. నవ్వుతూనే అంది. కళ్ళు మాత్రం తుడుచుకుంది.

ఇదీ జరిగింది. సాహు ఇప్పుడు గుర్తులు ఉలితో చెక్కాడు. షెడ్డు బయట నాకోసం సున్నంతో ఒక గీత గీశాడు, అది దాటితే పని మానేస్తాడట. నిన్న సుగుణ గోల్‌బజార్ వెళ్ళి కొత్త గోళ్ళరంగు తెచ్చుకుంది. ఎర్రది కాదు, పసుప్పచ్చది. వలిసె పూల రంగు. "వచ్చే ఏటికి" అంది.

అని, నా కళ్ళెదుటే బీరువాలో పెట్టి తాళం వేసుకుంది.