జలమొక్కల తొట్టికి పచ్చ బల్బు

1984 ఆగస్టులో మహబూబాబాద్‌లోని ఒక ప్రైవేటు కాలేజీలో ప్రయోగశాల సహాయకుడిగా చేరాను. పాలిటెక్నిక్ పూర్తయి అప్పటికి ఏడాది. హోదాలో లెక్చరర్‌కు కింద, అటెండర్‌కు పైన. వృక్షశాస్త్రం చెప్పే సరళ మేడం రేగొండ వైపు మనిషి, తాత్కాలిక ఉద్యోగి. యాసంగి పంట కాలంలో యూనివర్సిటీ తనిఖీ బృందం వస్తుందన్నారు. వాళ్లు ప్రయోగశాలను ఒప్పుకుంటేనే ఆమె పోస్టు నిలుస్తుంది.

ఆమె ఒక గాజుతొట్టిలో హైడ్రిల్లా అనే నాచుమొక్క, నాలుగు చేపపిల్లలు పెంచాలనుకుంది. నాచుకు తగిన వెలుతురు అందితే ఆక్సిజన్ బుడగలు వరుసగా పైకి లేస్తాయి. మొక్క బతికి పనిచేస్తోందనడానికి అంతకు మించిన రుజువు అక్కర్లేదు.

"తమ్ముడూ, గీ బుడగలే నా నౌకరి. ఎట్లజేస్తవో ఏమో," అంది.

చిక్కు గదితోనే వచ్చింది. అది పాత ధాన్యం కొట్టు, కిటికీ లేదు. ముందు ట్యూబులైటు బిగించాను. దాని వెలుగు తెలుపు, వేడి తక్కువ, నాచుకు సరిపోతుంది. కానీ యాసంగిలో పొలాల మోటార్లన్నీ ఒకేసారి నడిచేవి. వోల్టేజీ పడిపోయి ట్యూబు చివర్లు ఎర్రబడేవే తప్ప వెలిగేది కాదు. కాలేజీ కార్యదర్శి ఒకరోజు వచ్చి చూశాడు. ఆయన ఊళ్లో పెద్ద భూస్వామి.

"ఏందిరా గిది? లైటా, మిణుగురు పురుగా?" అని నవ్వాడు.

ట్యూబు తీసి రెండు మామూలు బల్బులు పెట్టాను. వోల్టేజీ తగ్గితే అవి మసకబారతాయి కానీ ఆరిపోవు. వేడికి నీళ్లు కాగకుండా మూరెడు ఎత్తున వేలాడదీశాను. పొద్దున వెలిగించి చీకటిపడ్డాక ఆర్పేవాణ్ణి. వారంలో బుడగలు లేచాయి. మేడం తొట్టి ముందు కూర్చుని చాలాసేపు లేవలేదు.

తనిఖీకి పక్షం రోజుల ముందు కార్యదర్శి గదికి సున్నం వేయించాడు. నా బల్బులు తీయించి, ఒక చిన్న పచ్చ బల్బు పెట్టించాడు. ఆకు ఆ రంగు వెలుగును వెనక్కి పంపుతుంది కాబట్టే పచ్చగా కనబడుతుందని, అందుకే పచ్చ వెలుగు మొక్కకు తక్కువ అక్కరకొస్తుందని, పైగా ఆ బల్బు మరీ చిన్నదని చెప్పాను.

"చెట్టు పచ్చగుంటది, లైటు గూడ పచ్చగుండాలె. గంత చదివినవ్, గిదెరుకలేదా?" అని గదికి తాళం వేయించి తాళంచెవి ఇంటికి పట్టుకుపోయాడు.

మేడం రెండుసార్లు ఆయన ఇంటికి పోయింది. రెండోసారి ఆయన అరుగు మీది నుంచే చెప్పాడట: "జర ఓపికపట్టు బిడ్డా. తలుపు తీస్తే సున్నం ఖరాబు జేస్తరు."

బృందం వచ్చిన రోజే తాళం తీశారు. ముందు వాసన వచ్చింది. నాచు గోధుమరంగు జావలా అడుగుకు చేరింది. చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. పైన పచ్చ బల్బు వెలుగుతూనే ఉంది. బృందంలో పెద్దాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని బయటికి నడిచాడు. కార్యదర్శి మేడం వైపు తిరిగి, "గిన్ని దినాలు ఏం జూసినవమ్మా?" అన్నాడు.

పోస్టు మంజూరు కాలేదు. తరువాత ఆమె జనగామలో చిన్నపిల్లల బడిలో చేరిందని విన్నాను. మళ్లీ వృక్షశాస్త్రం చెప్పిందో లేదో తెలియదు.

తొట్టికి దీపం ఎంచేటప్పుడు వాటేజీ, రంగు, ఎత్తు, వెలిగే గంటలు చూడాలని పుస్తకాలు చెబుతాయి. స్విచ్చి ఎవరి చేతిలో ఉంటుందో ముందుగా తేల్చుకోవాలని నాకు ఆ ఉద్యోగం చెప్పింది. అది మన చేతిలో లేనప్పుడు సరైన దీపం ఎంచినా మొక్క బతకదు.